పిస్టనుకు త్రాటి పట్టు

మర మూత గల సీసాను తెరచునపుడు ప్రతి మనుష్యుడును తెలిసియో తెలియకయో రెండు పనులు చేయును. ఒక చేతితో మూతను త్రిప్పును. రెండవ చేతితో సీసాను కదలకుండ పట్టుకొనును. సీసాను పట్టుకొనక మూతను మాత్రమే త్రిప్పినచో మూతతోపాటు సీసాయు తిరుగునుగాని మూత ఊడిరాదు. ఒక చేతితో చప్పట్లు మ్రోగవని పెద్దలు చెప్పిన మాట ఇచ్చట అక్షరాల నిజము. మరను విప్పుటకు త్రిప్పు చేయి ఎంత అవసరమో, పట్టు చేయియు అంత అవసరము.

సీసా విషయమున ఇది చిన్న సంగతి. చిన్న పెట్రోలు యంత్రములను మరమ్మతు చేయువారికి మాత్రము ఇదియే పెద్ద చిక్కు. యంత్రపు ఇరుసు కొనయందు బిగించిన నట్టును విప్పబోగా, నట్టుతోపాటు ఇరుసు కూడ గిఱ్ఱున తిరుగును. ఆ ఇరుసు యంత్రగర్భమున దాగియున్నది. దానిని చేతితో పట్టుకొన వీలులేదు. కంటికి కనబడని ఆ ఇరుసును నిలిపి పట్టుట ఎట్లు? అనుభవజ్ఞులైన పనివారు ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానము మిక్కిలి సులభమైనది, వింతైనది: ఒక మెత్తని త్రాటిముక్క. ఉక్కుకు లొంగని యంత్రమును త్రాడు ఎట్లు బంధించునో గ్రహించినవాడు యంత్రశాస్త్రమున ఒక ముఖ్యసూత్రమును గ్రహించినవాడగును.

ఈ విషయమునకు చెట్లను కోయు గొలుసు రంపము చక్కని ఉదాహరణము. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. ఆ గాలికి అసంఖ్యాకములైన చెట్లు కూకటివ్రేళ్లతో పెకలివచ్చి దారులకు అడ్డముగా పడినవి. 2018వ సంవత్సరము అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలోని కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చినది. అట్టి వేళల గొడ్డలితో ఒక్కొక్క మానును నరుకుచు కూర్చుండిన రోగి ఆసుపత్రికి చేరడు. త్రాగునీటి బండి ఊరికి రాదు. దారిని త్వరగా తెరచునది గొలుసు రంపమే. అది ఆ సమయమున చెడినచో దానిని బాగుచేయవలసినవాడు పట్టణములోని పెద్ద కర్మాగారమునందు గాక, చెట్టు ప్రక్కనే, చేతనున్న నాలుగు పనిముట్లతో బాగుచేయవలసియుండును. త్రాటి ఉపాయము అక్కరకు వచ్చునది అచ్చటనే.

గొలుసు రంపమునకు ప్రాణము దాని చిన్న పెట్రోలు యంత్రము. లోపల గుండ్రని గొట్టము వంటి సిలిండరు కలదు. అందులో క్రిందికిని మీదికిని కదలునది పిస్టను. దీనినే కొన్ని పాఠ్యగ్రంథములు ముషలకమని వ్యవహరించును, ముషలమనగా రోకలి. రోకలి రోటిలో ఆడినట్లే పిస్టను సిలిండరులో ఆడును. పిస్టను పైకి పోవునపుడు పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము అణగద్రొక్కబడును. ఆ సమయమున సిలిండరు శిరస్సునందలి స్పార్కు ప్లగ్గు నుండి నిప్పురవ్వ పుట్టి మిశ్రమము మండును. మండిన వాయువు పిస్టనును క్రిందికి నెట్టును. పిస్టను కొంత దూరము దిగిన పిమ్మట సిలిండరు గోడయందలి ఒక రంధ్రము తెరచుకొనును. కాలిన వాయువు ఆ రంధ్రము గుండ సైలెన్సరులోనికి పోవును. వెంటనే క్రొత్త మిశ్రమము లోనికి వచ్చును. పిస్టను ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి కదలుటతో పని ముగియును గనుక దీనిని రెండు స్ట్రోకుల యంత్రమందురు.

పిస్టను యొక్క ఈ రాకపోకలను తిరుగుడుగా మార్చునది క్రాంకు ఇరుసు. పిస్టనునకును దానికిని నడుమ ఒక కడ్డీ కలదు. కుట్టుమిషను త్రొక్కువాని పాదములు ముందునకు వెనుకకు ఊగుచుండగా చక్రము గుండ్రముగా తిరుగుట అందరును చూచినదే. ఇచ్చట జరుగునదియు అట్టిదే. ఇందు గుర్తుంచుకొనవలసిన సంగతి ఒకటి కలదు. పిస్టను కదలినచో ఇరుసు తిరుగును. ఇరుసు తిరిగినచో పిస్టను కదలును. ఈ రెండును విడదీయరాని జంట. కావున పిస్టనును ఆపగలిగినచో ఇరుసును ఆపినట్లే.

ఆ ఇరుసునకు రెండు కొనలు కలవు. ఒక కొనయందు గతిపాలక చక్రము అమర్చబడియుండును. మెకానికులు దానిని ఫ్లైవీలు అందురు. అది యంత్రపు నడకను సమముగా నుంచును. తన అంచునందలి అయస్కాంతముల మూలమున నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తు పుట్టుటకు తోడ్పడును. తన రెక్కలతో గాలిని విసరి సిలిండరును చల్లబరచును. దానిని ఇరుసుపై నిలిపియుంచునది ఒక నట్టు. రెండవ కొనయందు క్లచ్చు కలదు. యంత్రము మెల్లగా తిరుగునపుడు గొలుసు కదలకుండుటకును, వేగము హెచ్చగానే గొలుసు పరుగెత్తుటకును కారణము క్లచ్చే. పెక్కు రంపములలో క్లచ్చు నడిబొడ్డునందే మరచుట్లు చెక్కియుండును. అది తానే ఒక పెద్ద నట్టు వలె ఇరుసుపైకి ఎక్కి బిగిసికొనును. గొలుసునకు నూనె నందించు చిన్న పంపు అనేక రంపములలో ఈ క్లచ్చు వెనుకనే ఉండును. ఆ పంపు చెడినచో గొలుసు ఎండిపోయి వేడెక్కి త్వరలో పాడగును. పంపు చిన్నదే; కాని దానిని మార్చుటకు క్లచ్చును విప్పక తప్పదు.

విప్పబోయిన క్లచ్చు ఎందులకు మొండికెత్తును? దీనికి కారణములు పెక్కు. మొదటి కారణము దానిని నిర్మించినవారి బుద్ధికుశలతయే. నిమిషమునకు పదివేల చుట్లకు మించి తిరుగు ఇరుసుపై నున్న వస్తువు వదులై ఊడిపోయినచో గొప్ప అపాయము. కావున పని జరుగుకొలది ఆ వస్తువు మరింత బిగియునట్లు మర దిశను ఏర్పరతురు. సైకిలును చూచినచో ఈ సంగతి సులభముగా తెలియును. సైకిలు కుడి పెడలునకు కుడి మరయు, ఎడమ పెడలునకు ఎడమ మరయు ఉండును. రెండింటికి ఒకే మర ఉన్నచో ఎడమ పెడలు త్రొక్కుచుండగానే మెల్లమెల్లగా వదులై ఊడిపోవును. గొలుసు రంపపు క్లచ్చు కూడ సాధారణముగా ఎడమ మర గలదే. రెండవ కారణము తుప్పు. ఇనుము తుప్పుపట్టినపుడు ఆ తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ స్థలము నాక్రమించును. అందుచే మరచుట్ల నడుమ నున్న సందు పూడి, ఒండొంటిని గట్టిగా కరచికొనును. మూడవది, కొన్ని యంత్రములలో నట్టు వదులు కాకుండ మరచుట్లకు జిగురు వంటి ద్రవమును పూసి బిగింతురు. యంత్రపు వేడియు, రంపపు పొట్టుతో కలిసిన నూనె మడ్డియు వీనికి తోడగును.

ఇట్టి సమయమున ఓర్పు లేనివాడు చేయు పనులు మూడు విధములు. గతిపాలక చక్రపు రెక్కల నడుమ స్క్రూడ్రైవరును దూర్చి చక్రమును ఆపజూచుట మొదటిది. ఆ రెక్కలు అల్యూమినియముతో పోతపోసినవి. గాలిని విసరుటకు ఏర్పడినవేగాని బరువును మోయుటకు ఏర్పడినవి కావు. అవి పుటుక్కున విరుగును. ఒక్క రెక్క విరిగినను చక్రపు సమతూకము తప్పును. అంతటి వేగముతో తిరుగునపుడు యంత్రమంతయు అదరి బేరింగులు పాడగును. సైలెన్సరును తీసి, పొగ పోవు రంధ్రములో ఏదేని ఇనుప ముక్కను దూర్చి పిస్టను అంచును అడ్డగించుట రెండవది. దానివలన పిస్టను అంచు నొక్కుకొనిపోయి రింగులు బిగుసుకొనును. ప్లగ్గు రంధ్రము నుండి స్క్రూడ్రైవరును దింపి పిస్టను తలను అడ్డగించుట మూడవది. ఇది అన్నింటికంటె చెడ్డది. పిస్టను తల కొన్ని మిల్లీమీటర్ల మందము గల అల్యూమినియపు రేకు వంటిది. స్క్రూడ్రైవరు మొన దానిని గుంట చేయును; ఒక్కొక్కప్పుడు చిల్లి పొడుచును. చిన్న పంపును మార్చబోయి యంత్రపు గుండెనే పోగొట్టుకొనిన వాడగును.

ఈ మూడు మార్గములలోను దోషము ఒక్కటే. బలమును ఓర్చుకొనలేని చోట బలమును మోపుట. మరి ఆ యంత్రములో బలమును ఓర్చుకొనుటకే నిర్మింపబడిన చోటు ఏది? పిస్టను తలయే. మండిన వాయువు యొక్క ఒత్తిడి నంతయు నిమిషమునకు వేలకొలది పర్యాయములు భరించునది అదియే కదా! అయితే వాయువు పిస్టను తలను ఒక బిందువు వద్ద పొడువదు. తలయంతటి మీదను సమముగా ఒత్తును. స్క్రూడ్రైవరునకును వాయువునకును గల భేదము ఇదియే. కావున పిస్టనునకు హాని కలుగకుండ దానిని ఆపవలెనన్నచో వాయువు వలె తలయంతటను పరచికొని ఒత్తునట్టి వస్తువు కావలెను. అది ఇరుకు రంధ్రము గుండ లోనికి పోవలెను. లోపల ఆ గదిని నింపవలెను. పని ముగిసిన పిమ్మట మరల అదే రంధ్రము గుండ వెలుపలికి రావలెను. ఈ లక్షణములన్నియు గలది మెత్తని త్రాడే.

లెక్క వేసి చూచినచో ఈ భేదము మరింత స్పష్టమగును. 40 మిల్లీమీటర్ల వ్యాసము గల పిస్టనును, 32 మిల్లీమీటర్ల రాకపోక గల యంత్రమును ఊహింపుడు. ఆ పిస్టను తల వైశాల్యము సుమారు పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లు. మండిన వాయువు చదరపు సెంటీమీటరునకు 30 కిలోగ్రాముల చొప్పున ఒత్తినదనుకొన్నచో పిస్టనుపై పడు మొత్తము బలము 375 కిలోగ్రాములు. ఇక 30 సెంటీమీటర్ల పొడవు గల పానా కొనను 10 కిలోగ్రాముల బలముతో త్రిప్పినచో ఇరుసుపై కలుగు బలభ్రామకము 300 కిలోగ్రాము-సెంటీమీటర్లు. క్రాంకు చేయి రాకపోకలో సగము, అనగా 1.6 సెంటీమీటర్లు. ఆ చేయి పిస్టను దారికి లంబముగా ఉన్నపుడు పిస్టనుపై పడు బలము 300ని 1.6 చేత భాగింపగా సుమారు 190 కిలోగ్రాములగును. పిస్టను శిఖరమునకు చేరువగుకొలది ఈ బలము హెచ్చును. క్రాంకు శిఖరమునకు 30 డిగ్రీల దూరమున నున్నపుడు అది ఇంచుమించు 300 కిలోగ్రాములు. ఇది వాయువు కలిగించు బలమునకు మించినది కాదు. త్రాటిచుట్ట దానిని తలపై పరచును గనుక పిస్టను దానిని సులభముగా మోయును. ఆ 300 కిలోగ్రాముల బలమే పావు చదరపు సెంటీమీటరు గల స్క్రూడ్రైవరు మొన మీద పడినచో చదరపు సెంటీమీటరునకు 1,200 కిలోగ్రాముల ఒత్తిడి యగును. బలము ఒక్కటియే, అది నిలుచు చోటు మారినంతనే ఫలితము మారినది.

ఈ లెక్క వలననే మరొక జాగ్రత్త తెలియుచున్నది. శిఖరమునకు మిక్కిలి చేరువలో పిస్టనును ఆపినచో కొద్దిపాటి త్రిప్పుడే దానిపై అపారమైన బలమును కలిగించును. కావున శిఖరమునకు కొంత ముందుగనే పిస్టను ఆగునట్లు చాలినంత త్రాటిని లోనికి పంపవలెను.

ఇక పని చేయు క్రమము. మొదట యంత్రము పూర్తిగా చల్లారవలెను. స్విచ్చును ఆపి, ప్లగ్గు తీగ టోపీని ఊడదీసి దూరముగా ఉంచవలెను. గొలుసును, దానిని మోయు పట్టీని తీసివేయవలెను. ఏలయనగా పానా జారినచో చేయి పోయి పడునది గొలుసు పండ్ల మీదనే. ప్లగ్గు రంధ్రము నుండి పెట్రోలు ఆవిరి వెలువడును గనుక దగ్గర దీపము గాని, చుట్ట గాని, పొయ్యి గాని ఉండరాదు. ప్లగ్గును విప్పుటకు పూర్వమే దాని చుట్టునున్న పొట్టును, దుమ్మును కుంచెతో తుడువవలెను. లేనిచో ఆ దుమ్ము సిలిండరులో పడి గోడలను గీచివేయును.

త్రాటి విషయమున మెలకువ అవసరము. అల్లిన నైలాను త్రాడు శ్రేష్ఠము; యంత్రమును లాగి నడపు త్రాడే తరచుగా ఇందులకు సరిపోవును. ప్లగ్గు రంధ్రపు వ్యాసము సాధారణముగా 14 మిల్లీమీటర్లుండును గనుక 5 లేక 6 మిల్లీమీటర్ల లావు గల త్రాడు సులభముగా దిగును. కొబ్బరినార త్రాడును, పాతబడి పీచులేచిన నూలుత్రాడును పనికిరావు; వాని నారలు లోపల మిగిలిపోవును. త్రాటిని ఇసుక, మట్టి లేకుండ శుభ్రపరుపవలెను. వెలుపలి కొనకు పెద్ద ముడి వేయవలెను. ముడి లేని త్రాడు పూర్తిగా లోనికి జారినచో దానిని వెలికి తీయుట మరొక మరమ్మతు అగును.

ఇప్పుడు ఇరుసును చేతితో మెల్లగా త్రిప్పుచు పిస్టనును పైకి తేవలెను. పొగ పోవు రంధ్రమును పిస్టను పూర్తిగా మూసినదని నిశ్చయము చేసికొనవలెను. సైలెన్సరును విప్పి చూచినచో ఇది కంటికే కనబడును. రెండు స్ట్రోకుల యంత్రములో ఇదియే కీలకము. రంధ్రము తెరచియున్నపుడు త్రాటిని పంపినచో దాని మడత ఆ రంధ్రములోనికి దూరును. పిమ్మట పైకి వచ్చు పిస్టను కత్తెర వలె దానిని కత్తిరించును. రంధ్రము మూసికొనిన తరువాత త్రాటిని కొద్దికొద్దిగా దింపవలెను. చిన్న యంత్రమునకు జానెడు మొదలు మూరెడు వరకు పట్టును. ఇక దిగదని తోచినపుడు ఆపి, ఇరుసును అదే దిశలో చేతితో త్రిప్పవలెను. పిస్టను పైకి లేచి, త్రాటిచుట్టను సిలిండరు కప్పునకు అదిమి, మెత్తగా ఆగిపోవును. టక్కుమను శబ్దము వినరాదు. అట్టి శబ్దము వినబడినచో లోహము లోహమునకు తగిలినదని అర్థము. త్రాటిని తీసి మరల మొదటి నుండి ప్రారంభింపవలెను.

ఇరుసు నిలిచినది. ఇక నట్టును ఏ దిశగా త్రిప్పవలెను? ఇచ్చట పొరపడినవాడు విప్పుచున్నానని తలచి మరింత బిగించును. గతిపాలక చక్రపు నట్టు సాధారణముగా కుడి మర గలది; దానికి ఎదురుగా నిలిచి గడియారపు ముల్లునకు వ్యతిరేక దిశలో త్రిప్పిన వదులగును. క్లచ్చు ఎడమ మర గలదైనచో, దానికి ఎదురుగా నిలిచి గడియారపు ముల్లు తిరుగు దిశలోనే త్రిప్పవలెను. పెక్కు క్లచ్చులపై విప్పు దిశను తెలుపు బాణపు గుర్తు ఉండును. మడ్డిని తుడిచి దానిని చూడవలెను. చూడ విరుద్ధముగా తోచు ఈ రెండు దిశలును నిజమునకు ఒక్కటియే. యంత్రము పని చేయుచుండగా బిగియునట్లు మరలు ఏర్పడియున్నవి గనుక, వానిని విప్పు దిశ రెండు కొనలందును యంత్రము తిరుగు దిశయే. అందువలననే విప్పునపుడు పిస్టను తన సహజమైన నడకలో పైకి వచ్చి త్రాటికి ఆనుకొనును. మరల బిగించునపుడు ఇరుసు వెనుకకు తిరుగజూచును. కావున అపుడు త్రాటిని తీసి, ఇరుసును వెనుకకు త్రిప్పి, పిస్టను రెండవ వైపు నుండి పైకి వచ్చునట్లు చేసి, మరల త్రాటిని దింపవలెను.

పానాకు బలమును మెల్లగా, నిలుకడగా పెంచవలెను. నట్టు కదలనిచో మరచుట్లకు తుప్పును వదలించు నూనెను పూసి కొంతసేపు వేచియుండవలెను. నూనె సన్నని సందులలోనికి తానుగా ప్రాకి పోవును. దీపపువత్తిలోనికి నూనె ఎక్కుటకును ఇదియే కారణము. అప్పటికిని కదలనిచో పొడవైన పానాను తీసికొనవలెను. చేయి పొడవు రెట్టింపైనచో అదే బలము రెట్టింపు భ్రామకమును కలిగించునని మీటల సూత్రము చెప్పుచున్నది. కాని పిస్టనుపై పడు బలమును రెట్టింపగునని మరువరాదు. పెట్రోలు యంత్రమునకు మంటతో వేడి చూపుట ప్రమాదకరము. అది అయస్కాంతములకును, నూనె కారకుండ కాపాడు రబ్బరు రింగులకును కీడు చేయును.

నట్టు ఊడినంతమాత్రమున గతిపాలక చక్రము చేతికి రాదు. అది కోసుగా చెక్కిన ఇరుసు కొనపై గట్టిగా కూర్చుండియుండును. దానిని పుల్లరు అను పనిముట్టుతో లాగవలెనే గాని ఇరుసు కొనను సుత్తితో కొట్టరాదు. చక్రమునకును ఇరుసునకును నడుమ అర్ధచంద్రాకారపు చిన్న ఉక్కుబిళ్ళ ఒకటి ఉండవచ్చును; మెకానికులు దానిని కీ అందురు. నిప్పురవ్వ సరియైన క్షణమున పుట్టునట్లు చక్రమును తన స్థానమున నిలుపునది అదియే. దానిని జాగ్రత్తగా భద్రపరుపవలెను. అది తెగియున్నచో క్రొత్తది వేయవలెను.

నీరు తోడు పంపులయందును, విద్యుత్తు పుట్టించు చిన్న జనరేటర్లయందును తరచుగా నాలుగు స్ట్రోకుల యంత్రములుండును. వానికి ఈ ఉపాయము పనికివచ్చునుగాని ఒక మెలకువ అవసరము. అట్టి యంత్రములో మిశ్రమము వచ్చుటకును, పొగ పోవుటకును వేరువేరు కవాటములు కలవు. పిస్టను రెండుసార్లు పైకి వచ్చినచో అందు ఒక్కసారి మాత్రమే రెండు కవాటములును మూసియుండును. రెండవసారి పొగ పోవు కవాటము తెరచియుండును. ఆ సమయమున త్రాటిని దూర్చినచో అది కవాటమునకు అడ్డుపడును. పిస్టను త్రాటిని త్రోయగా కవాటపు కాడ వంగిపోవును. కావున ప్లగ్గు రంధ్రముపై బొటనవ్రేలు ఆనించి ఇరుసును మెల్లగా త్రిప్పవలెను. వ్రేలిని గాలి బలముగా నెట్టినపుడు కవాటములు మూసికొనినవని తెలియును. కొన్ని యంత్రములలో నడపుట సులభమగుటకై మెల్లగా తిరుగునపుడు కవాటము కొంచెము తెరచియుండునట్లు అమరిక ఉండును. అట్టివానిలో గాలి తోపు స్వల్పముగ నుండును గనుక పైమూతను తీసి కవాటములను కంటితో చూచుట మేలు.

నాలుగు స్ట్రోకుల యంత్రమునందే త్రాటికి మరొక ఉపయోగము కలదు. కవాటపు స్ప్రింగును మార్చునపుడు కవాటము జారి సిలిండరులో పడిపోవు ప్రమాదమున్నది. రెండు కవాటములును మూసియున్న స్థితిలో సిలిండరును త్రాటితో నింపి పిస్టనును పైకి తెచ్చినచో, ఆ త్రాటిచుట్ట దిండు వలె కవాటములను క్రింది నుండి ఆనియుండును.

ఈ కాలమున ఇట్టి పనులకు వేరు సాధనములును వచ్చినవి. ప్లగ్గు రంధ్రములో బిగించు ప్లాస్టికు అడ్డులు కలవు. గతిపాలక చక్రమును అంచున చుట్టి పట్టుకొను పట్టీలు కలవు. గాలి పీడనముతో గాని బ్యాటరీతో గాని నడచుచు నట్టుపై వేగముగా దెబ్బలు వేయు పానాలును కలవు. ఆ దెబ్బ అతిస్వల్పకాలము మాత్రమే ఉండును గనుక బరువైన చక్రము కదలుటకు తగిన వ్యవధి చిక్కదు. దాని జడత్వమే దానికి పట్టగును. గ్లాసుపై అట్టముక్కను, దానిపై నాణెమును ఉంచి అట్టముక్కను చటుక్కున మీటినచో నాణెము కదలక గ్లాసులో పడుటకు కారణమైన సూత్రమే ఇదియును. యంత్రమును తయారుచేసినవారి పుస్తకములో ఏ సాధనము చెప్పబడియున్నదో దానిని వాడుట ఉత్తమము. అది చేతికి అందనిచోట త్రాడు సిద్ధముగా నున్నది.

పని ముగిసిన పిమ్మట ఇరుసును కొంచెము వెనుకకు త్రిప్పి త్రాటిని మెల్లగా లాగవలెను. లాగిన త్రాడు పోయిన త్రాడంతయు అవునో కాదో చూడవలెను. పోగులు తెగినచో ముక్కలు లోపల మిగిలియుండవచ్చును. వానిని తీయక యంత్రమును నడపరాదు. ఇరుసును చేతితో పలుమారులు త్రిప్పి అడ్డేమియు లేదని తెలిసికొనిన తరువాతనే ప్లగ్గును మొదట వ్రేళ్లతోను, పిమ్మట పానాతోను బిగింపవలెను.

గోటితో పోవుదానికి గొడ్డలి యేల అని సామెత. మొండి నట్టు ముందు నిలిచిన తొందరపాటుగాడు సుత్తికై చేయి చాచును. వివేకి ఈ బలము పోయి ఎచ్చట ఆనునని మొదట ప్రశ్నించుకొనును. ఆ ప్రశ్నకు సమాధానము దొరికినచో మూరెడు త్రాడును యంత్రమును నిలుపును. దొరకనిచో ఎంత బలవంతుని చేతిలోని ఉక్కుకడ్డీయైనను తాను బాగుచేయబోయిన వస్తువునే విరుగగొట్టును.